నాలుక కింది మందు

డాక్టర్ మార్తమ్మగారికి ఒక అలవాటు ఉంది. తన దగ్గరికి వచ్చిన ప్రతి మనిషినీ నోరు తెరవమని, నాలుక పైకెత్తించి, చిన్న టార్చిలైటు వేసి చూసి, "కరిగిందా?" అని అడుగుతారు. కరిగితే వెళ్ళమంటారు, లేకపోతే కూర్చోమంటారు. కాకినాడ రేవుకు దగ్గర్లో ఉన్న ఆవిడ క్లినిక్‌లో మంచాలు లేవు. నొప్పి ఇంజక్షన్లకు అలవాటుపడి వదల్లేకపోతున్నవాళ్ళు పొద్దున్నే అక్కడికి వస్తారు, నాలుక కింద ఒక మాత్ర పెట్టుకుంటారు, అది కరిగేదాకా బల్ల మీద కూర్చుని ఆ తర్వాత ఎవరి పనికి వాళ్ళు పోతారు. మింగితే ఆ మాత్ర పనిచెయ్యదు. మాట్లాడితే ఉమ్మితోపాటు గొంతులోకి జారిపోతుంది. అందుకని ఆ గదిలో నోరు మెదపకూడదన్నది నియమం.

ఆ నియమం రోగులకే గాని ప్రభంజన్‌కు లేదు. అతను కౌన్సెలరు. మార్తమ్మగారి దగ్గర పని నేర్చుకోవాలని కోరి వచ్చిన కుర్రవాడు, మనసు మంచిది, నోరు మాత్రం ఆగదు. అంతకుముందు తాగుడు మానిపించే కేంద్రంలో పనిచేశాడు. అక్కడ నేర్చిన మాటలన్నీ, 'మందు మానితేనే మనిషివి' అన్న మాటతో సహా, మూటగట్టుకుని ఇక్కడికి తెచ్చాడు. మాత్ర కరిగాక ఎవడూ ఆగడు, కరిగేలోగా ఎవడూ కదలడు. హితబోధకు ఇంతకన్నా మంచి సమయం ఉండదని అతను కనిపెట్టాడు. పైగా ఎదురు చెప్పేవాడు కూడా ఉండడు కదా! ఒక్కొక్కరి ముందూ నిలబడి గొంతు చించుకునేవాడు. వాళ్ళు బుద్ధిగా తలూపేవారు. తలూపడం చూసి తన మాట బాగా ఎక్కుతోందని మురిసిపోయేవాడు.

ఎక్కనిది ఒక్క నూకరాజుకే. రేవులో ఐసు దిమ్మలు మోసేవాడు నూకరాజు. నడుం పట్టేస్తే ఎవరో ఇంజక్షన్ చేయించారు, నొప్పి తగ్గినా ఇంజక్షన్ మాత్రం వదల్లేదు. క్లినిక్‌కు కొన్నాళ్ళు చక్కగా వస్తాడు. ముఖం తేటపడుతుంది, పనికి వెళ్తాడు, ఇంటికి బియ్యం తెస్తాడు. ఇక గట్టెక్కాడని అందరూ అనుకునేసరికి మాయమైపోతాడు. మళ్ళీ వచ్చేసరికి చేతుల నిండా సూది గాయాలే. ఈసారైతే పడవ అడుగున ఊపిరాడక పెదాలు నీలంగా మారి పడి ఉంటే తోటివాళ్ళు మోసుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తారు. మాత్ర మానేసి కొన్నాళ్ళు ఖాళీగా ఉన్న ఒళ్ళు ఇంజక్షన్ పాత మోతాదుకి తట్టుకోలేదు. ఈసారికి బతికాడు. ఇంకోసారి ఇలాగే జరిగితే బతకడని మార్తమ్మగారు చెప్పనే చెప్పారు.

ఆ నూకరాజు వచ్చి గుమ్మం బయట కూర్చున్నాడని తెలియగానే ప్రభంజన్‌కు ఒళ్ళు మండిపోయింది. గబగబా మార్తమ్మగారి గదిలోకి వెళ్ళాడు.

"మేడమ్, ఒక్కటి అడుగుతాను, మీరే చెప్పండి. నోరు నొప్పి పుట్టేదాకా చెప్పాను. బతిమాలాను, తిట్టాను, పెళ్ళాం పిల్లల్ని గుర్తు చేశాను. చెప్పినదానికల్లా తలూపుతాడు, మర్నాడు ఉండడు. విననివాడికి ఇంకెలా చెప్పాలి? వీడితో నా వల్ల కాదు. ఇక రావద్దని చెప్పి పంపేస్తాను."

చివరి మాటలు సగం గాలిగానే వచ్చాయి. పొద్దుటినుంచి అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. మార్తమ్మగారు తన సంచిలోంచి ఒక డబ్బా తీసి, అందులోంచి పెద్ద పటికబెల్లం ముక్క ఏరి అతని చేతిలో పెట్టారు.

"గొంతు పోయింది. నాలుక కింద పెట్టుకో. నమలకు. కరిగేదాకా మాట్లాడకు."

అడిగింది ఏమిటి, ఈవిడ ఇచ్చింది ఏమిటి! ప్రభంజన్‌కు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. గురువు మాట కాదనలేక ముక్క నోట్లో వేసుకున్నాడు. ఆవిడ నూకరాజును లోపలికి పిలిచి, కళ్ళు చూసి, నాడి చూసి, చివరిసారి ఇంజక్షన్ ఎప్పుడని అడిగారు. నిన్న పొద్దున్న అన్నాడు.

"మాత్ర ఇస్తాను. ముందు కాసేపు సారు దగ్గర కూర్చో. సారు నోట్లో మందుంది, మాట్లాడలేడు. ఇవాళ నువ్వు మాట్లాడు."

నూకరాజు ఉలిక్కిపడ్డాడు. ప్రభంజన్ ఉబ్బిన బుగ్గ వంక చూశాడు.

"సారుకి కూడానా అండి?"

ప్రభంజన్‌కు కోపం నషాళానికి అంటింది. కాదు కాదని రెండు చేతులూ ఊపాడు. ఆ ఊపడం చూసి నూకరాజు పాపం సిగ్గుపడుతున్నాడనుకున్నాడు. ఎప్పుడూ నేల చూపులు చూసేవాడు, స్టూలు దగ్గరికి లాక్కుని మొదటిసారి అతని ముఖంలోకి సూటిగా చూశాడు.

"సిగ్గెందుకండి సారూ, నేనెవరికీ సెప్పను. మొదట్లో సేదుగా ఉంటాదండి, ఉమ్మెయ్యాలనిపిత్తాది. ఉమ్మకండి. ఇంకో మాటండి. మీరు మాకు సెప్పినట్టు మట్టుకు మీరు సెయ్యకండి."

ప్రభంజన్ కళ్ళు చిట్లించాడు.

"అదేనండి, మందు మానితేనే మనిషివని అంటారు కదండి. అది ఇన్నప్పుడల్లా నాకు పౌరుషం వచ్చేసేదండి. నిజమే, ఈ మాత్ర మీద ఎన్నాళ్ళు బతుకుతానని మర్నాటినుంచి ఇక్కడికి రావడం మానేసేవోణ్ణి. ఏ మందో అడుగుదామంటే నోట్లో మాత్రుండేది. అది కరిగేసరికి మీరు పక్కోడి దగ్గరికి ఎళ్ళిపోయేవోరు. సదువుకున్నోరు ఊరికే అంటారా అనుకున్నానండి."

ఊపుతున్న చేతులు ఒళ్ళో పడిపోయాయి. ప్రభంజన్‌కు తన గొంతు తనకే వినిపించింది. అతను మానమన్నది ఇంజక్షన్. తాగుబోతుల దగ్గర అలవాటైన నోరు దాన్నీ మందనే అంది. అది విన్నవాడి నాలుక కింద అప్పుడు ఉన్నదీ మందే.

"మానేశాక ఒకటి రెండ్రోజులు పర్లేదండి. ఆ తరవాత ఎముకలు పిండేత్తన్నట్టు ఉంటాది. ముక్కు కారతాది, నిద్దర పట్టదు, ఐసు దిమ్మ మీద సెయ్యెయ్యలేను. ఇక సూదే దిక్కండి. మానమన్న పెతిసారీ మానాను సారూ. మీ మాట ఒక్కసారి కూడా తీసెయ్యలేదు."

ఆ మాటకు ప్రభంజన్ పెదాలు విడివడ్డాయి. అయ్యో, నేనన్నది అది కాదురా అని మొత్తుకోవాలని ప్రాణం కొట్టుకుంది. మార్తమ్మగారు తలెత్తి చూశారు. అతను నోరు మూసుకున్నాడు.

"నిజం సెప్పాలంటే ఇయ్యాల మీతో ఓ మాట సెప్పేసి ఎళ్ళిపోదామనే వచ్చానండి. ఇంతమందిలో నేనొక్కణ్ణే పనికిమాలినోణ్ణి, ఇంకెందుకులే అనుకున్నాను. మీరే మానలేకపోయారంటే ఇంక నాకు సిగ్గేటండి? రేపు కూడా వత్తాను. మీరూ వత్తారు కదండి?"

ప్రభంజన్ తలూపాడు. రోజూ ఎందరి చేతో తలూపించినవాడికి, నోరు లేనివాడి తల ఊగితే అందులో ఎన్ని మాటలు ఉండిపోతాయో అప్పుడు తెలిసింది. కళ్ళు చెమ్మగిల్లితే పక్కకు తిప్పుకున్నాడు.

మార్తమ్మగారు లేచి వచ్చి నూకరాజు నాలుక కింద మాత్ర పెట్టబోతూ ఆగారు.

"ఇదిగో, ఇది మందు. దీన్ని మానకూడదు. మానాల్సింది సూదిని. దీన్ని ఎప్పుడు తగ్గించాలో నేను చెప్తాను. ఇంకెవరు చెప్పినా వినకు."

"ఈ సారు సెప్పినా అండి?"

"ఈ సారు చెప్పినా."

ఇద్దరూ బల్ల మీద పక్కపక్కన నోరు మూసుకుని కూర్చున్నారు. కాసేపటికి మార్తమ్మగారు టార్చి వేసి నూకరాజు నోరు చూశారు. కరిగింది. అతను తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, వెళ్తూ వెళ్తూ ప్రభంజన్ చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి రేవుకేసి వెళ్ళిపోయాడు.

ఆవిడ టార్చి ఇటు తిప్పారు.

"కరిగిందా?"

పటికబెల్లం ఎప్పుడో కరిగిపోయింది. ప్రభంజన్ లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆవిడ నోరు తెరవమనలేదు. డబ్బాలోంచి ఇంకో ముక్క తీసి అతని అరచేతిలో పెట్టి వేళ్ళు మూశారు.

"ఈ మందు మానకు నాయనా."