తడి పాతర

అనగనగనగా, మీ తాతకు తాత కూడా ఎరుగని రోజుల్లో, చిత్రభానుడనే రాజు ఏలుబడిలో కాలువల తిప్పన్న అనేవాడు ఉండేవాడు. అతను పార పట్టాడంటే ఎంతటి నీరైనా మాట వినవలసిందే. "నీరు పల్లమెరుగును, ఆ పల్లం నేనెరుగుదును" అంటూ మీసం మెలేసేవాడు.

తిప్పన్నది మెట్టసీమ. అక్కడ వరుసగా మూడేళ్లు చినుకు పడలేదు. నేలలో తవ్విన పాతరల్లో దాచుకున్న జొన్నలు అడుగంటాయి. నలభై కుటుంబాలు తిప్పన్న వెంట వచ్చి రాజుగారి కాళ్ల మీద పడ్డాయి.

"దిగువన ఊబినేల ఉంది. నీరు మళ్లించి పొలం చేసుకోండి. పండినంత కాలం అది మీదే" అన్నాడు రాజు.

ఆ ఊబి అంచున జమ్మవ్వ అనే ముసలమ్మ ఉండేది. జమ్ము కోసి చాపలు అల్లుకునేది. తిప్పన్న భుజాన పార చూసి ఎదురొచ్చింది.

"నాయనా, ఇది ఉత్త బురద కాదు. ఆకుల పాతర. వేల ఏళ్లుగా రాలిన ఆకూ కొమ్మా కుళ్లకుండా ఈ నీటి కింద దాగి ఉన్నాయి. అవి తాగిన ఎండంతా వాటిలోనే ఉంది. పాతర తెరవకు."

తిప్పన్నకు నవ్వొచ్చింది. పాతర సంగతి మెట్టవాడికి ఒకరు చెప్పాలా? చెమ్మ చేరితే గింజ ముక్కిపోదూ!

"పాతరలో ఇన్ని నీళ్లుంటే ఎట్లా అవ్వా? నీకు మేలే చేస్తున్నా" అన్నాడు. పాపం, నిజంగానే అలా అనుకున్నాడు.

అవ్వ పొడుగాటి రాట ఒకటి తెచ్చి, అడుగున గట్టినేల తగిలేదాకా దింపి, దాని తలను నేలకు సమంగా ఉంచింది. "ఇది తలెత్తిన రోజు నువ్వు తల దించుకుంటావు" అని వెళ్లిపోయింది.

తిప్పన్న మొదటి కాలువ తవ్వాడు. వరి ఏపుగా పండింది. రాట మోకాలెత్తు లేచింది. "ఎండుకర్ర పెరుగుతోందోయ్!" అని పిల్లలు గంతులేశారు.

"కర్ర పెరగడం లేదర్రా, నేల కుంగుతోంది" అంది అవ్వ. ఎవరు వింటారు? చాలాకాలానికి కడుపు నిండిన రోజులవి.

కుంగిన నేలలో మళ్లీ నీరు ఊరింది. తిప్పన్న రెండో కాలువ ఇంకొంచెం లోతుగా తవ్వాడు. పంట సగమైంది. రాట నడుమెత్తుకు వచ్చింది. తిప్పన్న అటువైపు చూడటం మానేశాడు.

మూడో కాలువ తవ్వేసరికి రాట అతని తల దాటింది. ఆ ఏడు కోతలయ్యాక, మెట్టసీమ అలవాటు కొద్దీ చేలో మిగిలిన కొయ్యకాళ్లకు నిప్పు పెట్టారు. పైన మంట ఆరింది గానీ కింద ఆరలేదు. ఇక్కడ నీళ్లు పోస్తే అక్కడ పొగ లేచింది. మూడు నెలలు నేలే తగలబడింది. పసిపిల్లలు దగ్గి దగ్గి సొమ్మసిల్లారు. వేల ఏళ్లు దాగిన ఎండ ఆకాశానికెక్కి గాలికి జ్వరం పట్టించింది. వానలు దారి తప్పాయి. మొదట ఎండిపోయింది ఎక్కడి బావులనుకున్నారు? తిప్పన్న పుట్టిన మెట్టసీమ బావులే.

రాజు మండిపడ్డాడు. "ఇదంతా ఆ ముసలిదాని శాపం. దాన్ని పొలిమేర దాటించండి!"

ఊరుకుంటే తిప్పన్న తప్పు అవ్వతోనే పోయేది. అతను ఊరుకోలేదు.

"శాపం కాదు ప్రభూ, నా పార. తడి తగిలితే చెడే పాతర ఒక్కటే నాకు తెలుసు. తడి ఆరితే చెడే పాతర కూడా ఉంటుందని అవ్వ చెప్పింది. నేను నవ్వాను" అని తల దించుకున్నాడు.

రాజు అవ్వను విడిచిపెట్టాడు. తవ్విన చేతులతోనే తిప్పన్న మూడు కాలువలూ పూడ్చాడు. ఆలస్యంగా వచ్చిన వానకు నీరు నిలిచింది, నిప్పు చచ్చింది. నలభై కుటుంబాలూ గట్టు మీదికి చేరి, అవ్వ దగ్గర చాపలల్లడం నేర్చుకున్నాయి.

"అవ్వా, పాతర మళ్లీ ఎప్పటికి నిండుతుంది?" అని ఒకనాడు తిప్పన్న అడిగాడు.

"నువ్వు పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఆకు రాలితే, నాలుగు వేళ్ల మందం" అంది అవ్వ.

తిప్పన్న తలెత్తి రాటను చూశాడు. నాలుగు వేళ్లు ఆనించి, ఆ పైన మరో నాలుగు వేళ్లు ఆనించి, మోకాలి దాకా అయినా కొలవకుండానే కూలబడి ఏడ్చాడు.

పాతర తెరవడానికి ఒక్క పార చాలు, నింపడానికి పాతిక బతుకులైనా చాలవు. అందుకే దేన్నైనా తెరిచే ముందు, అది ఎందుకు మూసి ఉందో తెలిసినవారిని అడిగి, వారి మాట వినాలి.