గవరయ్య బిగించిన గేరు

అనగనగనగా, కొండెక్కే ఘాట్ రోడ్డు మొదట్లో ఉన్న ఒక ఊళ్ళో గవరయ్య అనే సైకిలు మెకానిక్కు ఉండేవాడు. కాళ్ళు ఆడించకుండా పడుకుని విను. వాడంటే నాకు ఒళ్ళుమంట, ముందే చెబుతున్నా.

ఏ సామానిచ్చినా ఆకురాయితో అరగదీసి అతికించేసేవాడు. ఒక సైకిలు చక్రం, ఇంకోదాని హ్యాండిలు, మరోదాని బ్రేకు. "నేను అతకలేని సామాను ఇంకా పుట్టలేదు" అనేవాడు.

వాడి కూతురు నూకాలుకి పద్నాలుగేళ్ళు. ఆ ఏడు జిల్లా సైకిలు పందెం పెట్టారు. కొండెక్కిన మొదటి ముగ్గురికీ పట్నంలో ఆటల హాస్టల్లో సీటు. అక్కడే చదువు, అక్కడే తిండి. సీటు రాకపోతే బడి మానేసి జీడిపిక్కలు కొట్టే షెడ్డుకి పోవాలి.

నూకాలు సైకిలుకి గేరు మార్చే పాత మీట ఉండేది. గేరు గేరుకీ టిక్కుమని ఆగే టిక్కులు దానికుండవు. ఎంత లాగాలో వేలే చూసుకోవాలి. పిల్ల వేలికది బాగా తెలుసు. అప్పుడు గవరయ్య ఏం చేశాడు? మెకానిక్కు కూతురికి పాత మీటా అని నవ్వుతారని, అది పీకి పారేసి, వేరే కంపెనీ సైకిలు మీట బిగించాడు. వెనక ఏడు పళ్ళచక్రాలు, మీటకి ఏడు టిక్కులు. సరిపోయిందని మురిసిపోయాడు. కానీ ఆ మీట ఒక్కో టిక్కుకీ వైరుని అర బియ్యపుగింజంత ఎక్కువ లాగుతుంది తల్లీ, ఇక చైను పళ్ళమీద సరిగ్గా కూర్చోదు.

"నాన్నా, నాలుగో గేర్లో చైను కరకరమంటోంది" అంది నూకాలు. కొత్తలో అంతే అన్నాడు. మళ్ళీ చెబితే నూనె పోశాడు. మూడోసారి "పాతదే పెట్టెయ్యి నాన్నా" అంది. "మెకానిక్కువి నువ్వా, నేనా?" అని కసిరాడు.

పందెంలో మొదటి మలుపు దాకా నూకాలు రెండోది. అప్పుడు చైను ఎగిరింది. రెండో మలుపులో చైను రెండు పళ్ళచక్రాల మధ్య తడబడింది, నలుగురు దాటిపోయారు. మూడో మలుపులో చైను జారి, పిల్ల పడి, మోకాలు చీరుకుపోయింది. సైకిలు తోసుకుంటూనే పైకి చేరింది. పదకొండోది.

ఆ తర్వాత జనం "ఏమైందయ్యా?" అని అడిగారు. గవరయ్య పెడలు తిప్పి చూశాడు. తప్పెక్కడుందో తెలిసిపోయింది. తెలిసి కూడా ఏమన్నాడో తెలుసా?

"సైకిలు బంగారంలా ఉంది. పిల్లకే దమ్ము చాల్లేదు."

పక్కనే పిల్ల మోకాలికి గుడ్డ కట్టుకుంటోంది. వాడి నోరు పడిపోను!

వారం తర్వాత పందెం పెట్టిన సారు గవరయ్య కొట్టు దగ్గరికి వచ్చాడు. "సైకిలు పాడై ఓడిపోయినవాళ్ళకి ఇంకోసారి పెడుతున్నాం. తప్పు సైకిలుదేనని మెకానిక్కువి నువ్వు ఒక్క మాట చెప్పు, చాలు" అన్నాడు. కొట్టు దగ్గర నలుగురూ చెవులు రిక్కించారు. నూకాలు తండ్రి మొహంలోకి చూసింది. వాడు తలొంచుకుని ఎవరిదో టైరుకి గాలి కొట్టడం మొదలుపెట్టాడు.

నూకాలు ఆ గాలి కొట్టడం అయ్యేదాకా ఆగింది. అప్పుడంది, "సైకిలు బాగానే ఉంది సార్. నాకే దమ్ము లేదు."

మర్నాడు జీడిపిక్కల షెడ్డుకి నడిచి వెళ్ళింది. అలా ఎందుకందని నన్నడక్కు, ఇన్నేళ్ళూ నాకూ అదే కడుపుమంట.

చైను తెగలేదు, నోరు పెగల్లేదు,
కథేమో కంచికి పోయింది,
కునుకేమో మనింటికొచ్చింది.