ఇరవై ఒకటో ఖాళీ

చింతలకోన అడవి బడిలో గాడిద పంతులుకు వర్క్‌షీట్లంటే ప్రాణం. పాఠం చదువుకుని రమ్మని, దాంతోపాటు ఇరవై ఖాళీల కాగితం ఇంటికిచ్చేవాడు. పాఠం ఎవరు చదివారో ఆయనకు అక్కర్లేదు, కాగితం నిండితే చాలు. ఎవరి పిచ్చి వారికానందం.

నక్క ఆ గుట్టు మొదటి వారంలోనే కనిపెట్టింది. ఖాళీలు పాఠంలో ఉన్న వరసలోనే వస్తాయి. పుస్తకం మీద గోరు జరుపుకుంటూ పోతే చదవకుండానే అన్నీ నింపేయొచ్చు.

ఆ వారం పాఠం ఉచ్చుల గురించి. కంచె అవతల వేటగాడు దిగాడు, అప్పటికే రెండు కుందేలు పిల్లలు మాయమయ్యాయి. అందుకని ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లే రోజూ పిల్లలను ఇళ్లకు నడిపించాలని పంతులు తీర్మానించాడు. నక్కకు ఇరవైకి ఇరవై. బడిలో చదివే కుందేలుకు తొమ్మిది. మాయమైనవాటిలో ఒకటి దాని తమ్ముడు. వాడెలా పోయాడో తెలుసుకోవాలని పాఠం నాలుగుసార్లు చదివి, రాయడం సగంలో మరిచిపోయింది.

బడికి నీళ్లు మోసే ముసలి ఎద్దుకు ఈ ఏర్పాటు మింగుడుపడలేదు. ఒక్కసారి నోటితో అడిగి చూద్దామంది. నోటిమాటకు మార్కులెలా వేస్తామని పంతులు నవ్వాడు. ఎద్దు తన పాత పలుపుతాడుతో కంచె సందులో ఉచ్చు పన్ని, గడ్డి కప్పి వచ్చి నక్కనూ కుందేలునూ ఒకే ప్రశ్న అడిగింది.

"నువ్వే వేటగాడివైతే ఉచ్చు ఎక్కడ పెడతావు?"

"ఉచ్చు తీగతో గాని తాడుతో గాని చేయబడును" అని నక్క పదకొండో ఖాళీని అప్పజెప్పింది.

కుందేలు కాసేపు ఆలోచించింది. "మనకు నడవడానికి సులువుగా ఉన్నచోట పెడతా తాతా. కంచె సందులో."

నోటికొచ్చింది వాగడం చదువు కాదని నక్క ఇకిలించి, పిల్లలను వెంటేసుకుని, ఇళ్లకు దగ్గరదారని సరాసరి కంచె సందులోకే దూరింది. కాలికి తాడు పడింది. గింజుకున్నకొద్దీ బిగిసింది.

"లాగకు నక్కబావా," అంది కుందేలు. "వెనక్కి ఒక అడుగు వేస్తే సడలుతుంది. పాఠంలో ఉందిగా."

"ఎన్నో ఖాళీలో?" అంది నక్క ఏడుపుగొంతుతో.

"దానికి ఖాళీ ఇవ్వలేదు బావా."

పిల్లలన్నీ కుందేలు వెంట ఇళ్లకు పోయాయి. వెనకే వచ్చిన పంతులు మాత్రం అక్కడే నిలబడి, ఆ ముక్కను ఇరవై ఒకటో ఖాళీగా ఎలా చేర్చాలా అని ఆలోచిస్తున్నాడు.

నీతి: కాగితం నిండినంత మాత్రాన బుర్ర నిండదు.