పందెంలో పెట్టిన మనిషి

దేవసహాయానికి ఆ రోజు కాళ్ళు నేలమీద ఆనడం లేదు. గుంతకల్లు రైల్వే కాలనీలో లాయిడ్ మాస్టారి దగ్గర కొన్నేళ్ళుగా గిటారు మీద బ్లూస్ నేర్చుకుంటున్నాడు. అమెరికాలో నల్లవాళ్ళు కట్టుకున్న దిగులు పాటలవి. ప్రేమించినదాన్ని పేకాటలో ఒడ్డే మగవాళ్ళు, తియ్యటి మాటలతో ఆడవాళ్ళని బుట్టలో వేసుకునేవాళ్ళు, అన్నీ పోగొట్టుకుని రైలెక్కేవాళ్ళు, వాటినిండా వీళ్ళే. పాడీ పాడీ మనవాడికి బుర్ర తిరిగింది, ఇంకేం చెప్పను.

"సాయంత్రం ఇమ్మానుయేలుతో పేకాట, మాస్టారూ. గెలిచినవాడికి ఎస్తేరు. ఓడినవాడు ఇక ఆమె వంక చూడకూడదు. అచ్చం మన పాటల్లోలాగే," అన్నాడు.

ఎస్తేరు, దేవసహాయం ఇమ్మానుయేలు కలిసి నడిపే బ్యాండులో పాడే పిల్ల. ఇద్దరికీ ఆమె అంటే ప్రాణం. ఈ పందెం సంగతి మాత్రం ఆమెకి తెలియదు.

మాస్టారు తిట్టలేదు. సొరుగులోంచి పేక తీసి కలపడం మొదలుపెట్టారు. బల్లకి అటువైపు ఖాళీ కుర్చీ ఆయన స్నేహితుడు సిరిల్‌ది. ఇద్దరూ రోజూ మూడు ముక్కలాట ఆడేవారట. సిరిల్ పోయి చాలా కాలమైంది. ఆ కుర్చీలో మాత్రం మాస్టారు ఎవర్నీ కూర్చోనివ్వరు.

తనకి మూడు ముక్కలు వేసుకుని, కుర్చీకి మూడు వేశారు.

"పందెం ఏంటి మాస్టారూ?" నవ్వుతూ అడిగాడు దేవసహాయం.

"నువ్వే. నేను గెలిస్తే నా దగ్గర ఉంటావు. సిరిల్ గెలిస్తే తీసుకుపోతాడు."

ముసలాయన వేళాకోళం ఆడుతున్నాడనుకున్నాడు వాడు. కరెంటు లేదు, ఫ్యాను తిరగడం లేదు, కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఎక్కడినుంచో చుట్ట వాసన వస్తోంది. మాస్టారు చుట్ట కాల్చరు.

ఆయన తన ముక్కలు తిప్పారు. రెండు రాజులు, ఒక ఏడు. అటువైపు ముక్కల జోలికి పోకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

ఆ ముక్కలు వాటంతటవే ఒక్కొక్కటే వెల్లకిలా పడ్డాయి. ఆసు. ఆసు. ఆసు.

ఎవరో లేచినట్టు కుర్చీ కిర్రుమంటూ వెనక్కి జరిగింది. చల్లటిదేదో వచ్చి దేవసహాయం మణికట్టు పట్టుకుంది. వాడికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఓడిపోయాను. వెళ్ళు నాయనా, పిలుస్తున్నాడు," అన్నారు మాస్టారు, పేక సర్దుకుంటూ.

"నన్ను ఒక్క మాటైనా అడక్కుండా నన్నెలా పందెం కాశారు?" అన్నాడు వాడు ఏడుపు గొంతుతో.

మణికట్టు మీద పట్టు వదిలింది. అన్న మాట తన చెవినే పడి, దేవసహాయం సిగ్గుతో తల దించుకున్నాడు.

"పందెంలో పెట్టిన మనిషి అడిగే ఆ చరణం నేను నీకు నేర్పలేదు," అన్నారు మాస్టారు. "నాకూ ఎవరూ నేర్పలేదు."