దించుడుబండ కూసున్నమ్మ

హైదరాబాదు చూడవచ్చినవారు చార్మినారు చూస్తారు, గోల్కొండ ఎక్కి దిగుతారు, సాగరు గట్టున ఫొటోలు తీయించుకుని రైలెక్కుతారు. దించుడుబండ గుట్టకు ఎవరూ రారు. రమ్మని ఎవరూ చెప్పరు కూడా. ఆటోవారు గుట్ట మొదట్లో సైకిలు షాపు దగ్గరే ఆపేసి, పైకి బండి పోదని వెనుదిరుగుతారు. అక్కడినుంచి అన్నీ మెట్లే. మెట్ల మీద ఎల్లిపాయలు ఒలుచుకుంటున్న ఆడవారు మోకాళ్లు కాస్త పక్కకు జరిపి దారి ఇస్తారు. ఒకరింటి వంటగది కిటికీ మరొకరి వాకిట్లోకి తెరుచుకుంటుంది. ఇక్కడ పుట్టి దూరపు కాలనీలకు మారిపోయినవారు సైతం ఆదివారం వస్తే సాయంత్రందాకా కదలరు. అక్కడ ఏముందని అడిగితే, "ఆడ కూసోనిస్తరు" అంటారు.

మెట్లు సగానికి వచ్చేసరికి బల్లపరుపుగా ఒక నల్లబండ ఉంది. రేకుల నీడలో, మూరెడు ఎత్తున అమ్మవారు కొలువై ఉన్నారు. కాళ్లు ఒక పక్కకు మడుచుకుని, ఖాళీ చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్న విగ్రహం. కత్తి లేదు, త్రిశూలం లేదు. తల మీద కిరీటానికి బదులు చుట్టబట్ట ఉంటుంది. బరువులు మోసేవారు నెత్తిన పెట్టుకునే చుట్టబట్టే అది. అమ్మవారి ముఖంలో అలసట స్పష్టంగా కనబడుతుంది. దేవతలు కూడా ఇంతగా అలసిపోతారా అని మొదటిసారి వచ్చినవారు కాసేపు అలాగే చూస్తూ ఉండిపోతారు.

పూర్వం ఇక్కడ ఇన్ని ఇళ్లు లేవు. నగరానికి రాయి కొట్టి ఇచ్చే కుటుంబాలు కొన్ని గుట్టపైన గుడిసెలు వేసుకుని ఉండేవి. నగరంలో మేడలు లేచిన కొద్దీ వీరి నడుములు వంగిపోయేవి. పైన చుక్క నీరు లేదు. బావి గుట్ట కింద ఉండేది. పాలమూరు కరువులో మగడిని పోగొట్టుకుని వచ్చిన ఈదమ్మ అనే ఆమె ఆ బావి నీళ్లు ఇంటింటికీ మోసి, వారు పెట్టింది తిని బతికేది.

గుట్టమీద ఒక నియమం ఉండేది. తాగే నీళ్లు దారిలో నేల తాకకూడదు. కడవ ఒకసారి నెత్తికెత్తితే గుమ్మంలోనే దించాలి. మధ్యలో దించితే ఆ నీళ్లు మైలపడ్డట్టు లెక్క. ఈ నియమం ఎవరు పెట్టారో ఈనాటికీ తెలియదు. పెట్టినవారు నీళ్లు మోసినవారు కాదని మాత్రం తెలుస్తూనే ఉంది. ఈదమ్మ పదకొండేళ్లు దాన్ని పాటించింది. ఆమె మెడ ముందుకు వంగి అలాగే ఉండిపోయింది. నడినెత్తిన జుట్టు ఊడిపోయింది. అలసిపోయానని ఆమె ఏనాడూ ఎవరితోనూ అనలేదు. అంటే మరొకరిని పెట్టుకుంటారని భయం. ఈ గుట్ట తప్ప ఆమెకు పోవడానికి మరో చోటు లేదు.

పదకొండో ఏట గుట్ట కొసన అమ్మవారిని నిలపాలని అందరూ అనుకున్నారు. రాళ్లవారి పెద్ద సాయిలు గుట్ట కింద మూడు నెలలు పనిచేసి విగ్రహం చెక్కాడు. చేతిలో కత్తి పట్టుకుని నిలబడిన అమ్మవారు. చెక్కినవాడే నెత్తిన మోసుకుని పైకి తేవాలని, దారిలో ఎక్కడా దించకూడదని అతడు మొక్కుకున్నాడు. అమ్మవారికి పోసే తొలి నీళ్లు తెమ్మని ఈదమ్మకు చెప్పారు. డప్పులవారు, ఊరివారు ముందుగానే పైకి వెళ్లి ఎదురుచూస్తున్నారు.

మిట్టమధ్యాహ్నం. రాయి సెగలు కక్కుతున్నది. సగం గుట్ట ఎక్కేసరికి ఈదమ్మ కళ్లకు చీకట్లు కమ్మాయి. కాలు ముందుకు పడలేదు. నల్లబండ మీద ఎవరో ముసలామె కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. పదకొండేళ్లలో ఆమెను అక్కడ చూసిన గుర్తు లేదు. ఆ క్షణంలో ఈదమ్మ, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అడగనిది అడిగింది.

"అవ్వా, జర చెయ్యెయ్యి. దించుకుంట."

ముసలామె లేచి రెండు చేతులా కడవ పట్టి బండ మీద దించింది. ఈదమ్మ కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. "నీళ్లు మైలపడె అవ్వా. ఇగ నన్ను ఉండనియ్యరు" అన్నది.

"ఎవలన్న దించుమంటరేమోనని ఎన్నేండ్ల సంది కూసున్ననో బిడ్డా," అన్నది ముసలామె. "అందరు నా ముంగటికెల్లే మోసుకుంట పోయిండ్రు. ఒక్కలన్న అడగలె. నువ్వడిగినవు, నా పని అయిపాయె. ఇగ నువ్వు కూసో. ఎనక వచ్చెటోళ్లకు నువ్వు చెయ్యెయ్యి."

ఈదమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని చూసేసరికి ముసలామె లేదు. పైనుంచి చూసినవారు మాత్రం గోల మొదలుపెట్టారు. నీళ్లు నేల తాకాయి, అమ్మవారికి పనికిరావు, ఈదమ్మ కొంప ముంచింది అని కేకలు వేశారు. అప్పుడే సాయిలు విగ్రహంతో అక్కడిదాకా వచ్చాడు. పైవారి కేకలు విన్నాడు, బండ మీద కడవను చూశాడు.

"పొద్దుగూకకముందే గుట్ట దిగి పో. మల్ల నీ మొకం కనపడొద్దు" అన్నాడు.

ఈదమ్మ అతని ముఖం చూడలేదు, మెడ చూసింది. మెడల సంగతి ఆమెకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. మెడనరాలు తాళ్లలా బిగుసుకుని ఉన్నాయి. పైకి ఇంకా సగం దారి ఉంది.

"పోత పెద్దయ్యా. నీది దించినంక పోత."

"అమ్మను దించుమంటవా? మొక్కున్నది నాకు!"

"అమ్మకేం బరువు పెద్దయ్యా? బరువు నీకు. అడుగు, చెయ్యేస్త."

పైన డప్పులు ఆగిపోయాయి. అందరూ చూస్తున్నారు. సాయిలుకు పెద్దరికం ఒక పక్క, నెత్తిమీద బరువు ఒక పక్క. చివరికి అతడు తల వంచి, ఆమెకు మాత్రమే వినబడేటట్టు, "చెయ్యెయ్యి బిడ్డా, నాతోని అయితలేదు" అన్నాడు.

ఇద్దరూ కలిసి విగ్రహాన్ని బండ మీద దించారు. సాయిలు నెత్తిమీది చుట్టబట్ట దానితోపాటే జారి అమ్మవారి తలమీద నిలిచింది. పైనుంచి పరుగెత్తుకొచ్చిన ఎనిమిది మంది ఎత్తబోతే విగ్రహం కదలలేదు. గడ్డపారలు తెమ్మన్నారు. అప్పుడు సాయిలు దగ్గరికి వంగి చూసి, అందరినీ వెనక్కు జరగమన్నాడు. తాను నిటారుగా చెక్కిన కాళ్లు మడుచుకుని ఉన్నాయి. కత్తి పట్టిన చేయి ఖాళీగా ఒడిలో ఉంది.

"నేను నిలవెట్టి చెక్కిన. అమ్మ కూసున్నది," అన్నాడు సాయిలు. "ఇగ లేపకుండ్రి."

నేల తాకిందన్న ఆ కడవ నీళ్లనే అతడు తన చేతులతో అమ్మవారికి పోశాడు. ఈదమ్మ గుట్ట దిగలేదు. దిగమని మళ్లీ ఎవరూ అనలేదు. నీళ్ల నియమం ఆనాటితోనే పోయింది. గుట్ట కొసన గుడికోసం చదును చేసిన జాగాలో ఇప్పుడు నీళ్ల ట్యాంకు ఉంది.

నేటికీ ఈ క్షేత్రంలో పూజారి లేడు. కొబ్బరికాయ కొట్టే ఆచారమూ లేదు. వచ్చినవారు ఒక పాతబట్టను చుట్టచుట్టి అమ్మవారి ముందు పెడతారు. ముందు వచ్చి కూర్చుని ఉన్నవారు లేచి, వచ్చినవారి బరువు దించి వెళ్లిపోతారు. దించుకున్నవారు తరువాతివారు వచ్చేదాకా అక్కడే కూర్చుంటారు. పని ఉన్నా, బస్సు తప్పిపోయినా సరే. గ్యాసు సిలిండరు మోసేవారు వస్తారు, ఇస్త్రీబట్టల మూటలవారు వస్తారు, నాలుగిళ్లలో అంట్లు తోమి వచ్చేవారు వస్తారు. అమ్మవారు సిరులు ఇస్తారని ఇక్కడ ఎవరూ చెప్పరు. ఆ రాత్రి నిద్ర పడుతుందని మాత్రం అందరూ చెబుతారు.

కొందరు ఖాళీ చేతులతో వస్తారు. ఏం దించాలని అడిగితే ఏమీ లేదంటారు. అయినా కూర్చున్నవారు లేచి, వారి తలకు రెండువైపులా చేతులు ఆనించి, నిండు కడవను దించినట్టే మెల్లగా దించుతారు. చాలామందికి అక్కడే ఏడుపు వస్తుంది. ఎందుకని ఎవరూ అడగరు. వారు కళ్లు తుడుచుకుని, అమ్మవారి పక్కన బండమీద కూర్చుని, మెట్లవైపు చూస్తూ ఉంటారు, ఎవరో ఒకరు ఎక్కి వచ్చేదాకా.