గుల్లలు తాగిన మంట

కోట గోడల కోసం నత్తగుల్లలు కాల్చి సున్నం చేసే నూకాలు మీద ఠాణేదారు శరభయ్యకు అనుమానం పుట్టింది. ఆయనకు ఎవరినో ఒకరిని అనుమానించందే అన్నం అరగదు. సొంత నీడనే వెనకాల ఎందుకొస్తున్నావని నిలదీసే రకం.

"బండెడు కట్టెలిచ్చాం. గుల్లలు వేసినవి వేసినట్టే ఉన్నాయి, చల్లగా! మంటంతా ఏమైందే? కట్టెలు అమ్ముకున్నావు. ఇవి రాజుగారికి చూపించి నీ బట్టీ మూయిస్తా."

"మంటని గుల్లలు తాగేశాయి బాబూ. లోపలే ఉంది."

"నా చెవిలో పూలు పెడతావా?" అంటూ, దారిలో ఎవరైనా మార్చేస్తారేమోనని కాల్చిన గుల్లలను తన నడుముకే మూటకట్టుకున్నాడు.

నూకాలు ఆయన్ని ఎగాదిగా చూసింది. వద్దన్న పనే చేసే మనిషి!

"కాలవలో దిగకండి బాబూ, తడిస్తే ప్రమాదం. చుట్టూ తిరిగి వంతెన మీద వెళ్లండి."

"ఈలోగా కట్టెలు తెచ్చి పేర్చేద్దామనా?" అని శరభయ్య నడుంలోతు నీళ్లలో దిగాడు.

అవతలి గట్టెక్కేసరికి మూట బుసకొట్టి పొగలు కక్కింది. గోడపని చూస్తున్న రాజుగారి ముందే, "నిప్పు! గుల్లల్లో నిప్పు!" అని గంతులేస్తూ మూట విప్పి పారేశాడు.

"నిప్పు అందులోనే ఉంటే, బట్టీ మూయించడం దేనికయ్యా?" అన్నారు సంగతంతా విన్న రాజుగారు.

ఇవతలి గట్టు నుంచి నూకాలు కేకేసింది:

"దొరికాయా బాబూ, కట్టెలు?"