ఓదెమ్మ ఏడ్వని శవం

అనగా అనగా, మీ ముత్తాతకు ఇంకా మీసం మొలవని కాలం. ఒక ఊరు. ఊరికో గడీ, గడీకో దొర. ఆ ఊరి చివర గుడిసెలో ఓదెమ్మ అనే ముసలమ్మ.

ఓదెమ్మ పని ఏడవడం. నవ్వకండి, అదీ ఒక పనే. ఎవరింట్లో చావైనా ఆమెకు కబురొచ్చేది. వెళ్ళి శవం పక్కన కూర్చుని, పోయినవాడి మంచి ఒక్కటి వెతికి పట్టుకుని, రాగం తీసి ఏడ్చేది. ఆ ఒక్కటీ దొరకనిదే నోరు విప్పేది కాదు. "కూలి ఏడుపు" అని వెక్కిరించినవాళ్ళే ఆమె గొంతెత్తితే కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

ఊరందరికీ ఏడ్చిన ఓదెమ్మ తన మొగుడికి మాత్రం ఏడవలేదు. ఏడవనివ్వలేదు. మొండయ్య కూలి లేని వెట్టికి పోయి, గడీ బావి తవ్వుతుంటే గట్టు విరిగి మీదపడి చచ్చాడు. ఆ రోజే గడీలో దొర కొడుకు పెళ్ళి. "పెండ్లింట్ల ఏడుపు ఇనబడ్డదా, నాలుక కోస్త" అన్నాడు దొర. ఓదెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని మొగుణ్ణి మట్టిలో పెట్టింది. అలా ఏడుపు మింగిన ఇళ్ళు ఆ ఊళ్ళో ఇంకా ఎన్నో.

కాలం ఎవరికోసం ఆగుతుంది? దొర కూడా చచ్చాడు. పీడ విరగడైందని ఊరు లోలోపల నవ్వుకుంది. పైకి మాత్రం గడీకి పరుగెత్తింది. కొంగు చాటున ఉల్లిగడ్డ దాచుకుని కొందరు, కళ్ళకు ఉమ్మి రాసుకుని కొందరు, గుండెలు బాదుకుంటూ కొందరు. ఛీ, ఏం బతుకులండీ అవి! బతికుండగా రక్తం తాగినవాడు చచ్చాక దేవుడైపోయాడు.

ఓదెమ్మనూ పట్టుకొచ్చారు. ఆమె శవం పక్కన కూర్చుంది. ఒక్క మంచైనా ఉంటుందేమోనని వెతికింది. లేదు.

దొర కొడుకు పట్టుచీర చూపించాడు. "ఏడ్వవే ముసల్దానా!"

"వస్తలేదు దొరా, నీ బాంచెన్."

కొరడా చూపించాడు. "ఏడ్వవే!"

"వస్తలేదు దొరా."

జుట్టు పట్టుకుని శవం మీదికి వంచాడు. "నాయనా అని పిల్వు. నీకు తండ్రసొంటోడని చెప్పు. ఊరంత ఇనాలె."

ఓదెమ్మకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు మింగిన మంటంతా గొంతులోకి వచ్చింది. తల విదిలించుకుని లేచింది.

"నాయననా? నా నాయన గొర్లు గాసి సచ్చిండు. నేను ఆయన బిడ్డను. మొండయ్య పెండ్లాన్ని. గింతే నేను. నీ అయ్యకు బిడ్డనని ఒర్రితె ఆ ఇద్దర్ని మల్ల సంపినట్టే!"

అని, రాగం తీసింది. "ఓ మొండయ్యో! బాయిల నిన్ను మన్ను మింగిననాడు నా నోరు గుట్టిరి గదయ్యో!"

వెనక నుంచి ఒకామె "ఓ కొడుకో" అంది. ఇంకొకడు "ఓ తమ్ముడో" అన్నాడు. ఉల్లిగడ్డలు జారి నేల మీద దొర్లాయి. ఎవరి చావుకు వాళ్ళు పేరు పెట్టి ఏడ్చారు. గడీ దద్దరిల్లింది.

ఓదెమ్మ మీదికి దూకబోయిన దొర కొడుకు, ఊరంతా ఏడవడం చూసి ఆగి మురిసిపోయాడు. "చూసిండ్రా, మా నాయనంటె ఊరికెంత పానమో!" అని చుట్టాలకు చెప్పుకున్నాడు. పేర్లు ఒక్కొక్కటీ చెవిన పడ్డాక మొహం మాడిపోయింది. అందులో తండ్రి పేరు ఒక్కసారీ లేదు. కొరడా అందుకున్నాడు.

ఆ దెబ్బలకే ఓదెమ్మ మూడోనాడు పోయింది. "దీనికెవడన్న ఏడిస్తె తోలు తీస్త" అని దొర కొడుకు చాటింపు వేయించాడు. ఊరు ఊరంతా గుడిసె ముందుకొచ్చి ఏడ్చింది. ఎంతమంది తోలు తీస్తాడు?

ఆ వైపు ఊళ్ళలో ఈనాటికీ చావింట్లో అడుగుపెట్టినవాళ్ళకు ఇంటి పెద్దామె ఒక మాట చెప్తుంది. "ఏడుపొస్తె ఏడ్వు. రాకుంటె ఊకె కూసో. దొంగేడుపు ఏడిస్తివా, ఓదెమ్మ మీదొట్టు."

జనాన్ని పీడించినవాడు పోయినప్పుడూ ఆడవాళ్ళంతా వెళ్తారు. వరసగా కూర్చుంటారు. ఒక్కరూ నోరు విప్పరు. అలాంటి శవాన్ని మోసినవాళ్ళను అడగండి, అదెంత బరువుంటుందో చెప్తారు.